లేని నడుం నొప్పి

ఆయన అద్దం ముందు నిలబడి జీవిత ధ్యేయం గురించి ఉపన్యాసం సాధన చేస్తుంటే, ఆమె ఆ ఉపన్యాసానికి వేసుకోబోయే చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ మీద కాస్త నీళ్లు చిలకరించి ముందు లోపలి వైపు, తర్వాత పై వైపు రుద్దాలి. స్టేజి లైట్లన్నీ కాలర్ మీదే పడతాయని ఆయన ఎప్పుడో అన్నాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైనా సర్దుకుపోతారేమో గానీ కాలర్ మీద ముడతకి మాత్రం క్షమాపణ లేదు.

"'ధ్యేయం లేని మనిషి అడ్రసు లేని పార్సిల్.' ఈ మాట అన్నాక ఆగనా, అనేముందు ఆగనా?" అని అద్దంలోంచే అడిగాడు.

"అన్నాక ఆగండి. జనం నవ్వుకోడానికి వ్యవధి కావాలి కదా."

"చూశావా, అందుకే నిన్ను అడిగేది!" అని మురిసిపోయాడు. ఆ ఒక్క మాటకే ఒకప్పుడు ఆమె కడుపు నిండిపోయేది. ఈ మధ్యే నిండటం మానేసింది.

ఆయనది బ్యాంకులో మేనేజరు ఉద్యోగం. వారమంతా అప్పులు, ఆదివారం మాత్రం ధ్యేయాలు. ఎప్పుడో కొత్తగా చేరినవాళ్లకి శిక్షణలో నాలుగు మంచి మాటలు చెప్తే చప్పట్లు కొట్టారట. ఆ చప్పట్లు చెవిలో దూరి ఇక బయటికి రాలేదు. మొదట ఓ ట్యూషన్ సెంటర్లో గది అద్దెకి తీసుకున్నాడు, తర్వాత ఓ చిన్న హాలు, ఇప్పుడు ఏకంగా మూడొందల మంది పట్టే ఆడిటోరియం. నిజం చెప్పొద్దూ, మాట్లాడటం ఆయనకి వచ్చు. ముందు వరసలో వాళ్లు కళ్లు తుడుచుకోవడం ఆమె చాలాసార్లు చూసింది. రానిదల్లా కుర్చీలు వెయ్యడం. ఫోన్లెత్తి పేర్లు రాసుకోవడం, కుర్చీలు సర్దడం, ఫ్లాస్కుల్లో టీ మోసుకెళ్లడం, మైకులో బ్యాటరీలు చూడటం, ఆయన గొంతుకి పట్టేలా గోరువెచ్చటి నీళ్లు స్టేజి మీద పెట్టడం, అందరూ తలా ఓ ధ్యేయం జేబులో వేసుకుని ఇళ్లకి వెళ్లిపోయాక కప్పులు ఏరడం, ఇదంతా ఆమె వాటా. దీనికి ఆయన పెట్టిన పేరు 'నా బలం'. పదిమందిలో ఆ మాట అన్నప్పుడల్లా ఆమెకి భుజాలు లాగుతాయి.

సభ చివర ఓ తంతు కూడా ఉంది. "ఇంతసేపూ నేను చెప్పాను, ఇప్పుడు ధ్యేయం ఉన్న మనిషిని మీకు చూపిస్తాను" అని ఆమెని స్టేజి మీదికి పిలుస్తాడు. మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "చెప్పు, నీ జీవిత ధ్యేయం ఏంటి?" అంటాడు. మొదటిసారి అలా చెప్పా పెట్టకుండా పిలిచినప్పుడు ఆమె చెయ్యి ఇంకా టీతో తడిగా ఉంది. ఏం చెప్పాలో తోచక, "మా ఇంట్లో అందరూ బాగుండటమేనండీ" అనేసింది. హాలంతా చప్పట్లు. దాంతో ఆ మాట ఖాయమైపోయింది. తర్వాత ఎన్ని ఆదివారాలు గడిచినా అదే ప్రశ్న, అదే జవాబు, అదే చోట అదే నవ్వు. ఆ నవ్వు చూసి కూతురు ఒకసారి ఇంటికొచ్చాక అంది: "అమ్మా, స్టేజి మీద నువ్వు నవ్వే నవ్వు, మనింటికి చుట్టాలొచ్చి ఎంతకీ వెళ్లనప్పుడు నవ్వుతావే, అచ్చం అదే." ఆమె కూతుర్ని కసిరింది. కసిరాక బాత్రూంలోకి వెళ్లి అద్దంలో నవ్వి చూసుకుంది. పిల్ల చెప్పింది నిజమే.

ఇస్త్రీ పెట్టె నిలబెట్టి ఆమె గొంతు సవరించుకుంది. "ఈ ఆదివారం నుంచి ఊళ్లకి వెళ్లే మా కేంద్రం వ్యాన్ మొదలవుతోందండీ. నన్నే వెళ్లమన్నారు. ప్రతి ఆదివారమూ."

"ఈ ఆదివారమా? ఆడిటోరియం ఈ ఆదివారమే కదా!"

"అవును. నెల కిందటే చెప్పాను."

"చూద్దాంలే," అన్నాడాయన, మళ్లీ అద్దం వైపు తిరిగి. ఆ ఇంట్లో 'చూద్దాం' అంటే కాదని అర్థం. కాదు అంటే దెబ్బలాట అవుతుంది, చూద్దాం అంటే ఎదుటివాళ్లే అలిసిపోయి ఊరుకుంటారు. ఇన్నేళ్లూ ఆమె అలా చాలాసార్లు అలిసిపోయింది. ఈసారి అలవనని చొక్కా మడతపెడుతూ లోపల్లోపలే అనుకుంది.

ఇంతకీ మిగతా వారమంతా ఆమె ఏం చేస్తుందో ఆ హాల్లో ఎవరూ అడగలేదు. ఆమె కృత్రిమ కాళ్లు తయారుచేసే కేంద్రంలో టెక్నీషియన్. ప్రమాదంలోనో జబ్బులోనో కాలు పోగొట్టుకున్నవాళ్లు వస్తే, మిగిలిన కాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి అచ్చు తీస్తుంది. ఆ అచ్చుని బట్టి, కాలు దూరే గిన్నెలాంటి భాగాన్ని, ఎక్కడ ఎముక పొడుచుకొస్తుందో ఎక్కడ కండ మెత్తగా ఉంటుందో చూసుకుంటూ, ఆకురాయితో అరగదీసి తయారుచేస్తుంది. సాయంత్రానికి ప్లాస్టర్ పొడితో జుట్టంతా తెల్లగా అయిపోయి, చూసినవాళ్లు ఒక్క పూటలో ముసలిదైపోయిందనుకుంటారు.

ఆ పనిలో ఓ చిక్కుంది. కాలు తొడిగించి "సరిపోయిందా?" అని అడిగితే ప్రతివాళ్లూ "భేషుగ్గా ఉందమ్మా, చల్లగా ఉండు" అనే అంటారు. నెలల తరబడి ఎదురుచూసి దక్కించుకున్న కాలాయె. బాలేదంటే లాక్కుంటారేమోనని భయం, ఇంత చేసి పెట్టినవాళ్ల మొహాన ఎలా అనేదని మొహమాటం. నవ్వుతూ నాలుగడుగులు వేసి చూపిస్తారు, ఫొటో దిగుతారు, దణ్ణం పెట్టి వెళ్తారు. ఇంటికెళ్లాక పుండు పడుతుంది. పుండు పడ్డాక ఆ కాలు మంచం కిందికి చేరుతుంది. ఓసారి బట్టలు కుట్టుకునే ఓ పెద్దావిడ ఏడాది తర్వాత కేంద్రానికి వస్తే, తెచ్చిన కాలికి అడుగుభాగం కొంచెం కూడా అరగలేదు. కొత్త చెప్పులా నిగనిగలాడుతోంది. ఆమె దాన్ని తిరగేసి చూస్తుండగానే, ఊరి బస్సుకి వేళైందని ఆవిడ కాలు తీసుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఇన్ని కాళ్లు ఇచ్చామని గోడ మీద బోర్డు పెట్టుకున్న కేంద్రంలో, వాటిలో ఎన్ని నడుస్తున్నాయో తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

అప్పట్నుంచి ఆమె "సరిపోయిందా" అని అడగడం మానేసి, "ఎక్కడ కరుస్తోంది?" అని అడగడం మొదలుపెట్టింది. కరుస్తోందన్నది ఖాయమైనట్టూ, చోటు మాత్రమే తెలియాల్సినట్టూ. వాళ్లు ముందు తెల్లబోతారు, తర్వాత గొంతు తగ్గించి, "ఇదిగో, ఇక్కడ, కొంచెమే" అని వేలు పెట్టి చూపిస్తారు. కేంద్రం పెద్ద డాక్టరమ్మని పట్టుకుని, కాళ్లు ఇచ్చినవాళ్ల ఊళ్లకి మనమే పనిముట్లు వేసుకుని వెళ్దామని పోరుపెట్టింది కూడా ఆమే. అందరికీ సెలవు ఉండేది ఆదివారమే కాబట్టి ఆదివారం ఖాయం చేశారు. వ్యాన్ వచ్చి ఆవరణలో నిలబడ్డ రోజున ఆమె దాని తలుపు తీసి లోపల ఊరికే కాసేపు కూర్చుంది. బెంచీ, ఆకురాళ్లు, నీళ్ల డ్రమ్ము, ప్లాస్టర్ పట్టీలు. అంత సంతోషం తనకి ఎప్పుడు కలిగిందో గుర్తు తెచ్చుకోబోయింది, గుర్తుకు రాలేదు. దానికి ధ్యేయమని పేరు పెట్టాలని మాత్రం ఆమెకి తట్టలేదు. ఆ మాట ఆయనదని వదిలేసింది.

శుక్రవారం పొద్దున కేంద్రానికి వెళ్తే ఆమె రోజూ కూర్చునే పీట లేదు. దాని స్థానంలో దిండు కట్టిన కుర్చీ ఉంది. ఆమె నీళ్ల బకెట్ అందుకోబోతే తోటి టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి, "అయ్యో అక్కా, మీరు వంగకండి" అని లాక్కున్నాడు. ప్లాస్టర్ బస్తా వైపు చూస్తే ఇంకొకావిడ అడ్డం నిలబడింది. మీదపడి మర్యాదలు చేస్తుంటే ఆమెకి ఏదో తేడాగా అనిపించి డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది.

"నడుం ఎలా ఉంది?" అంది డాక్టరమ్మ కళ్లజోడు తీసి. "ముందే చెప్పాల్సింది కదమ్మా. నిన్న మీవారు ఫోన్ చేశారు. చాన్నాళ్ల నుంచి నొప్పి అటగా, ప్రయాణాలు పడవన్నారు. మీరు మొహమాటస్తులు, మీ అంతట మీరు చెప్పరని ఆయనే చెప్పారు. పాపం, ఎంత శ్రద్ధో. సరే, వ్యాన్‌కి కొత్తగా చేరినతన్ని పంపుతాన్లెండి."

ఆమెకి కోపం వచ్చిందనడం చాలా చిన్నమాట. ముందు సిగ్గేసింది. అబద్ధం ఆడింది ఆయనైతే సిగ్గు తనకెందుకు రావాలో తెలియలేదు, అయినా వచ్చింది. ఆ తర్వాత నాలిక చివరికి ఓ మాట వచ్చి నిలబడింది: 'అవునండీ, కాస్త నొప్పిగానే ఉంది.' ఆ మాట అనేస్తే చాలు. ఆయన అబద్ధమాడినట్టు తేలదు, ఇంట్లో రాద్ధాంతం ఉండదు, డాక్టరమ్మ ముందు కాపురం పరువు దక్కుతుంది. ఆదివారం ఎప్పట్లాగే ఆడిటోరియంలో కుర్చీలు వేసి, ఇంట్లో అందరూ బాగుండటమే అని చెప్పి రావచ్చు. అప్పుడు తట్టింది ఆమెకి, ఇన్నేళ్లుగా స్టేజి మీద తను అంటున్నది అచ్చంగా వాళ్లందరూ అనే మాటేనని. భేషుగ్గా ఉందమ్మా, చల్లగా ఉండు. లోపల పుండు పడుతున్నా నవ్వుతూ నాలుగడుగులు వేసి చూపించడం. తేడా ఒక్కటే, వాళ్లని ఎక్కడ కరుస్తోందని అడగడానికి తనైనా ఉంది. తనని అడగడానికి ఎవరున్నారు? అంతమంది ముందు మైకు నోటికి ఆనించి మరీ అడిగిన మనిషి, ఒక్కసారైనా జవాబు కోసం అడిగాడా?

ఆమె బయటికి వచ్చింది. మూలన ఉన్న ప్లాస్టర్ బస్తా దగ్గరికి వెళ్లింది. అడ్డం నిలబడ్డావిణ్ణి "కొంచెం జరగమ్మా" అంది. కొంగు బిగించి, మోకాళ్ల మీద వంగి, బస్తా ఎత్తి భుజాన వేసుకుంది. నిండు బస్తా. నోళ్లు తెరుచుకుని చూస్తున్న అందరి మధ్య నుంచి నడుచుకుంటూ డాక్టరమ్మ గదిలోకి వెళ్లి, బల్ల ముందు నిలబడింది.

"ఇది ఎక్కడ పెట్టమంటారు మేడం?"

డాక్టరమ్మ ఆమెనీ బస్తానీ మార్చి మార్చి చూసింది. కాసేపటికి ఆవిడ మొహంలో అర్థమవడం మొదలై, నవ్వుగా మారబోయి, మధ్యలోనే ఆగి ఇంకేదో అయింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు తను ఒక్క ప్రశ్నైనా వెయ్యలేదని ఆవిడకి గుర్తొచ్చి ఉంటుంది.

"వ్యాన్‌లో పెట్టండి," అంది. "ఆదివారం తెల్లారకముందే బయల్దేరాలి."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన రొట్టె తుంచుతూ సభ గురించే మాట్లాడుతున్నాడు. అందరికీ వడ్డించి, తనకీ వడ్డించుకుని, కూర్చున్నాకే ఆమె అంది: "నా నడుం ఎలా ఉందో అడగరేం?"

ఆయన చెయ్యి కూర గిన్నె మీదే ఆగిపోయింది. అద్దం ముందు ఎన్నడూ సాధన చెయ్యని ఆగడం అది.

"నీ మంచికే చేశాను," అన్నాడు చివరికి. "వారమంతా పని, మళ్లీ ఆదివారం కూడానా? ఆరోగ్యం ఏమవుతుంది?"

"ఆదివారాలు మీ కుర్చీలు మోసినప్పుడు ఏమవుతుందో అదే అవుతుంది."

"అది మన పని. ఇది ఎవరి పనో!"

"ఇది నా పని," అంది. "ఆదివారం నేను వ్యాన్‌లో వెళ్తున్నాను. డాక్టరమ్మకి నిజం తెలియజేశాను."

"నలుగురిలో నా పరువు తీశావన్నమాట!"

"నలుగురిలో నా నడుం విరగ్గొట్టింది మీరు. నేను అతికించుకున్నానంతే."

కూతురు పళ్లెంలోకి తల వంచేసుకుంది, నవ్వో ఏడుపో తెలియలేదు. అత్తగారు మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది. "ఇదేం మాటే అమ్మాయ్, వాడికి పేరొస్తే నీకు రానట్టా? అయినా ఆ కాళ్లు చేతుల దగ్గర నీకేముందని?"

ఆమె అత్తగారి వైపు తిరిగి, అడుగు అరగని కాలు గురించి మొదట్నుంచీ చెప్పింది. ఆ పెద్దావిడ మిషను తొక్కలేక కుట్టుపని మానేసిందనీ, కోడలి ఇంట్లో మూలన కూర్చుంటోందనీ, కాలు దూరే గిన్నె అంచు ఓ వేలెడు చోట అరగదీస్తే ఆవిడ లేచి నడుస్తుందనీ. అత్తగారు కళ్లార్పకుండా విన్నది. అంతా విని, ఓ నిట్టూర్పు విడిచి, "పాపం" అంది. తర్వాత, "అయితే ఆదివారం వంటెవరు చేస్తారు?" అంది.

"నలుగురం ఉన్నాం కదత్తయ్యా. నేను కాక ముగ్గురు."

"సరే, వంట సంగతి వదిలెయ్," అన్నాడాయన, కాస్త దిగొచ్చినట్టు. "హాలు సంగతి చెప్పు. కుర్చీలెవరు వేస్తారు?"

"జీవితం మార్చుకుందామని మూడొందల మంది వస్తున్నారు. ఎవరి కుర్చీ వాళ్లు వేసుకుంటే మొదటి పాఠం అక్కడే అయిపోతుంది."

"వేళాకోళమా? పోనీ, అమ్మాయి చూసుకుంటుందిలే."

"అమ్మాయి చూసుకోదు," అంది ఆమె. ఆ మాట మాత్రం కొంచెం గట్టిగానే వచ్చింది. "దానికి రాదని కాదు. నా దగ్గర్నుంచి దానికి అందాల్సింది అది కాదు."

ఆయన పళ్లెం తోసేసి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నాడు: "ఇంట్లో ఏమన్నా అను, పడతాను. పదిమందిలో మాత్రం నా మాట తీసెయ్యకు. ఆ సంస్కారం నీకుందనే నా నమ్మకం." శనివారమంతా ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా తలుపులతో మాత్రం గట్టిగా మాట్లాడాడు. మైకు బ్యాటరీలు ఎక్కడుంటాయో కూతుర్ని అడిగించాడు. "సొరుగులో," అని చెప్పింది, వెళ్లి తీసివ్వలేదు. తీసివ్వకుండా కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది ఆమెకి. రెండుసార్లు కాళ్లు వాటంతటవే లేవబోయాయి.

ఆదివారం ఎండ ఎక్కేసరికి వ్యాన్ ఓ ఊళ్లో బడి ముందు ఆగి ఉంది. బడి వరండాలో జనం కాళ్లు పట్టుకుని కూర్చున్నారు. కొందరు తొడుక్కుని, కొందరు గోనెసంచిలో వేసుకుని, ఒకాయనైతే పాత దుప్పటిలో చంటిపిల్లాణ్ణి చుట్టినట్టు చుట్టుకుని తెచ్చాడు. వరసలో ముందున్నది బట్టలు కుట్టుకునే ఆ పెద్దావిడే. కేంద్రానికి వచ్చినప్పటికంటే ఆవిడ ఇంకా చిక్కిపోయింది. పాత గిన్నె ఇక పనికిరాదు, కొత్త అచ్చు తియ్యాల్సిందే. ఆమె పట్టీ తడిపి, ఆవిడ కాలికి చుట్టి, రెండు చేతులా అదిమి పట్టుకుంది. అది గట్టిపడే లోపు ఎముక చుట్టూ ఆకారం దిద్దాలి, చేతులు తియ్యకూడదు. వేళ్ల కింద ప్లాస్టర్ మెల్లగా వేడెక్కుతోంది.

అప్పుడే ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేవు. డ్రైవరు తీసి చూసి, "మీ ఆయనండీ" అని స్పీకర్ నొక్కి ఆమె మొహం దగ్గర పట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికేమైందోనని ఆమె చెవి ఒగ్గింది.

ముందు చప్పట్ల మోత వినిపించింది. తర్వాత ఆయన గొంతు, స్టేజి మీది గొంతు. "వింటున్నారుగా? ప్రతిసారీ ఇక్కడ నా పక్కన నిలబడే నా భార్య ఇవాళ లేదు. ఎందుకంటే తనకో గొప్ప ధ్యేయం దొరికింది. కాళ్లు లేనివాళ్లని నడిపించడానికి ఊళ్లు తిరుగుతోంది. ఒక్క ఆదివారం కూడా ఇంట్లో ఉండదు. ఏ భర్త పంపుతాడండీ?" మళ్లీ చప్పట్లు. "ఇదిగో, ఫోన్ మైకు దగ్గర పెడుతున్నాను. మూడొందల మంది వింటున్నారు. నువ్వే చెప్పు, ఈ దారి నీకు చూపించిందెవరు? నిన్ను అక్కడికి పంపిందెవరు?"

అబద్ధమాడి ఆపబోయినవాడే, ఆపలేకపోయేసరికి, దాన్ని కూడా తన పద్దులోకి వేసేసుకుంటున్నాడు. ఎంత సులువుగా! మెచ్చుకున్నట్టే ఉంటుంది, మిగిలేది మాత్రం ఏమీ ఉండదు. ఒక్క మాట చెప్తే చాలు, హాలంతా పొంగిపోతుంది, ఇంట్లో తలుపులు మామూలుగా మూసుకుంటాయి, వచ్చే ఆదివారం ఆయనే స్వయంగా వ్యాన్ దాకా దిగబెట్టినా దిగబెడతాడు. పాత మాట నాలిక మీదికి వచ్చి సిద్ధంగా నిలబడింది కూడా. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ కాలు కదల్చకుండా ఆమె మొహంలోకే చూస్తోంది. డ్రైవరు ఫోన్ పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. అటువైపు హాలు నిశ్శబ్దంగా ఎదురుచూస్తోంది. అడగడమైతే అడిగారు కదా, ఈసారి జవాబే చెబుదామనుకుంది ఆమె.

"అందరికీ నమస్కారమండీ," అంది, ప్లాస్టర్ మీంచి చేతులు తియ్యకుండా. "నన్ను ఇక్కడికి ఎవరూ పంపలేదు, నేనే వచ్చాను. రాకుండా ఆపాలని నాకు నడుం నొప్పని మా డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పింది మాత్రం మావారే. నాకు ఏ నొప్పీ లేదు. ఇంకా ఏమైనా అడగాలంటే ఆయన్నే అడగండి, మైకు ఆయన చేతిలోనే ఉంది. ఇక్కడ నాకు పనుంది."